మూడో కుర్చీలోంచి దగ్గు

విల్ఫ్ పోయి తొమ్మిది నెలలైనా షటిల్ పబ్బులో అతని కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. అయినా దానికి ఎవరూ కోటు తగిలించేవారు కాదు, గొడుగు ఆనించేవారు కాదు. పబ్బు పిల్లి సైతం దాని కాళ్ళ మధ్య దూరకుండా చుట్టూ తిరిగి పోయేది. మంగళవారం క్విజ్ లీగు పోటీకి మేజా పక్కన నాలుగు కుర్చీలు వేస్తే అందులో మూడోది అతనిది. ఒకటి కాదు, రెండు కాదు, ముప్పై అయిదేళ్ళ పైమాట. ఈలోగా ఊళ్ళో నూలు మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, స్టేషన్లో రైలు ఆగడం మానేసింది, విల్ఫ్ మాత్రం మానలేదు. అతను పోయాక జట్టువాళ్ళు ఆ కుర్చీని అలాగే ఉంచి, చివర ఇంకో కుర్చీ లాక్కుని ఆడుతున్నారు.

ఆ నవంబరు మంగళవారం సాయంత్రం విల్ఫ్ భార్య మేవిస్ ఎప్పటిలాగే పబ్బు వంటింట్లో బఠాణీలు ఉడకబెడుతోంది. ఆట సగమయ్యాక రెండు జట్లకూ మాంసం కూరి కాల్చిన పైలు, బఠాణీలు పెట్టడం ఇంటి జట్టు మర్యాద. అంతలో జట్టు పెద్ద డెరెక్ పరుగున వచ్చాడు.

"మేవిస్, తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకోకు నాయనా, బఠాణీల నీళ్ళు ఒలికాయి, జారి పడతావ్. ఏమైంది?"

"ఒకడు జ్వరంతో పడ్డాడు. ముగ్గురమే ఉన్నాం. ఈసారి కూడా నలుగురు లేకపోతే లీగులోంచి మన పేరు కొట్టేస్తారు. అవతలి జట్టు పెద్ద హోరేస్ గడియారం చూసుకుని ఇకిలిస్తున్నాడు. నువ్వొచ్చి ఊరికే కూర్చో చాలు."

మేవిస్ గరిటె కింద పెట్టలేదు. ఊరికే కూర్చోవడం ఏమిటో ఆమెకు తెలుసు. ఒకసారి అలాగే కూర్చుంది.

అది పందొమ్మిది వందల అరవై నాలుగు. పెళ్ళయి ఆర్నెల్లు. విల్ఫ్ మూడో కుర్చీలో, ఆమె నాలుగో కుర్చీలో. "సముద్రంలో అన్నిటికంటే పెద్ద చేప ఏది?" అని అడిగారు. నీలి తిమింగలం అంది మేవిస్, గొంతెత్తి, ధీమాగా. ముందు నవ్వింది ఎవరనుకున్నారు? పక్కనున్న మొగుడే. చేతిలో గ్లాసు ఒలికేదాకా నవ్వాడు. అతను నవ్వాక పబ్బంతా నవ్వింది. తిమింగలం చేపే కాదట, పాలిచ్చి పిల్లల్ని సాకుతుందట. అన్నిటికంటే పెద్ద చేప వేల్ షార్క్ అనే సొర అట.

ఆ ఊళ్ళో ఎవరు ఏ తప్పు జవాబు చెబితే వాళ్ళకు అదే పేరు స్థిరపడిపోతుంది. మేవిస్ కాస్త ఒళ్ళున్న మనిషి. ఇక చెప్పాలా! మరునాటి నుంచి ఆమె తిమింగలం మేవిస్. పాలవాడి దగ్గర్నుంచి పాదిరీ దాకా అదే పిలుపు. మిల్లులో పని మానేసిన రోజున ఆడవాళ్ళంతా చందాలేసుకుని కేకు తెచ్చారు. దాని మీద నీలం చక్కెరతో తిమింగలం, తోక పైకెత్తి. మేవిస్ నవ్వుతూ కోసింది. తోక ముక్క విల్ఫ్‌కే పెట్టింది.

ఆ రాత్రి తర్వాత ఆమె మళ్ళీ ఆ మేజా దగ్గర కూర్చోలేదు. వంటింటి కిటికీలోంచి ప్రశ్నలు వినేది, జవాబులు బఠాణీల కుండకు చెప్పేది. కుండ ఎప్పుడూ నవ్వలేదు. అన్నేళ్ళలో ఆమె తెలుసుకోని సంగతి లేదు.

విల్ఫ్ మంచివాడే. ఆమెను పల్లెత్తు మాట అన్నవాడు కాదు. ఇంట్లో పేపర్లో గళ్ళ నుడికట్టు నింపేటప్పుడు ఆమె తప్పు మాట అనబోతే గొంతులో చిన్నగా "ఖుమ్" అనేవాడు. ఆగు, ఇంకోసారి ఆలోచించు అని. అంతవరకే. కానీ ఆనాడు నవ్వడం తప్పు అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని సోంపు బిళ్ళలు ఒక్కొక్కటే అతని నోట్లో వేస్తూ, అడుగుదామా అనుకుంది మేవిస్. ఎందుకు నవ్వావు అని. రేపు అడుగుదాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు. మనసులో ముల్లు అలాగే ఉండిపోయింది.

"సరే పద," అంది గరిటె దించి. డెరెక్ చివరి కుర్చీ చూపించాడు. "ఆయన కుర్చీ ఉండగా నాకు వేరే కుర్చీ ఎందుకు?" అని మేవిస్ మూడో కుర్చీలో కూర్చుంది. కూర్చున్నదల్లా ఉలిక్కిపడింది. తొమ్మిది నెలలుగా ఎవరూ తాకని కుర్చీ, ఇప్పుడే ఎవరో లేచిపోయినట్టు వెచ్చగా ఉంది.

ఎదురుగా హోరేస్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఏం తిమింగలం, ఒడ్డుకొచ్చావా?" అన్నాడు.

"వచ్చానయ్యా. చిన్న చేపలు మరీ ఎగురుతున్నాయంటేను."

ప్రశ్నలు చదివేది పబ్బు యజమానురాలు బెరిల్. ఆ వారం ప్రశ్నల కవరు చేతికి తీసుకుని చూస్తే దాని అంచు చిరిగి ఉంది. చిరిగిన కవరు పనికిరాదు. అలాంటి రోజు కోసమే ప్రతి పబ్బులోనూ సీలు వేసిన కవరు ఒకటి అట్టేపెడతారు. బెరిల్ గల్లాపెట్టె అడుగునుంచి దాన్ని తీసి, దీపం కిందికి తెచ్చి, అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది. అతుకు మీద అడ్డంగా వణుకుతున్న సంతకం. విల్ఫ్‌ది. లీగుకు ప్రశ్నలు రాసిచ్చేవాళ్ళలో అతనూ ఒకడు. తేదీ జనవరిది. పోవడానికి మూడు వారాల ముందుది.

"మొగుడు రాసిన ప్రశ్నలకు పెళ్ళాం జవాబులా?" అన్నాడు హోరేస్.

"అతికించింది నేనే, చదవలేదు," అంది మేవిస్. "రాస్తున్నంతసేపూ నన్ను గదిలోంచి వెళ్ళగొట్టాడు. నువ్వు నమ్మకపోతే సమాధి దగ్గరికెళ్ళి అడుగు."

హోరేస్ గొణుక్కుని ఊరుకున్నాడు. ఎవరు ముందో తేల్చడానికి బెరిల్ నాణెం ఎగరేసింది. అది మేజా మీద పడి, దొర్లి, కింద పడి, మూడో కుర్చీ కాలికి తగిలి ఆగింది. డెరెక్ ఓడాడు. ముందు హోరేస్ జట్టు, తర్వాత షటిల్.

ఆట మొదలైంది. ఎవరి ప్రశ్న వాళ్ళదే. ఒంటరిగా చెబితే రెండు పాయింట్లు, జట్టుతో గుసగుసలాడి చెబితే ఒకటి. మేవిస్ ఒంటరిగానే చెప్పుకుపోయింది. పబ్బంతా కళ్ళప్పగించి చూసింది. మూడో చుట్టులో బెరిల్ అడిగింది: "ఆఫ్రికాలో అన్నిటికంటే పెద్ద సరస్సు?"

టాంగన్యీకా అనబోయింది మేవిస్. సరిగ్గా వీపు వెనకనుంచి, "ఖుమ్."

సోంపు వాసన గుప్పుమంది. టాంగన్యీకా పొడుగు, లోతు. పెద్దది వేరే. "విక్టోరియా," అంది.

"రెండు," అని బెరిల్ తలెత్తింది. "ఎవరమ్మా దగ్గింది? చలికాలం, జాగ్రత్త."

ఎవరూ దగ్గలేదన్నారు. డెరెక్ వెనక్కి చూశాడు. గోడ తప్ప ఏమీ లేదు. పిల్లి మాత్రం పొయ్యి దగ్గర లేచి నిలబడి, ఆ గోడనే చూస్తోంది.

సగం ఆటకు పైలు తిన్నారు. మేవిస్ తన పళ్ళెం డెరెక్ వైపు జరిపింది.

చివరి చుట్టుకు షటిల్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. మేవిస్ వంతు వచ్చింది. బెరిల్ కార్డు తీసి, చదవబోయి, ఆగింది. గొంతు తగ్గించి చదివింది.

"సముద్రంలో... అన్నిటికంటే పెద్ద చేప ఏది?"

గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. బారు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మేవిస్ ఆ కార్డు వైపే చూసింది. చావుబతుకుల్లో ఉండి కూడా, చేయి వణుకుతూ కూడా, ఈ ప్రశ్నే రాశాడా? ఇంకోసారి నవ్వుదామనా? ఇంత పగ ఏమిటయ్యా నామీద, అనుకుంది. నాణెం ఇంకోలా పడితే ఇది హోరేస్‌కు పోయేది. తన కోసమే దొర్లుకుంటూ వచ్చింది.

వేల్ షార్క్. ఊళ్ళో ఈ జవాబు ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? చెప్పేసి లేచిపోదామని నోరు తెరిచింది.

"ఖుమ్."

చెవి పక్కనే. ఆగు, ఇంకోసారి ఆలోచించు అని.

ఇంకేం ఆలోచించాలి? ఇది తప్పంటే మిగిలింది ఒక్కటే. తన నోట మళ్ళీ ఆ మాట వస్తే ఈ జనం చచ్చేదాకా నవ్వుతారు. చచ్చాక కూడా. మేవిస్ కుర్చీ చేతులు పట్టుకుంది. అవి వెచ్చగా, పట్టుకున్న చేతుల్లా ఉన్నాయి.

"నీలి తిమింగలం," అంది.

నవ్వు గొంతుల దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే బెరిల్ నవ్వలేదు. కార్డు వైపు చూసి, మేవిస్ వైపు చూసి, కళ్ళు తుడుచుకుంది.

"రెండు పాయింట్లు. కార్డు మీద నీలి తిమింగలం అనే ఉంది."

హోరేస్ మేజా గుద్దాడు. "తిమింగలం చేపేంటి! చంటిపిల్లాడికి తెలుసు!"

"కార్డు మీద ఏముంటే అదే జవాబు," అంది బెరిల్. "ఆ నియమం పెట్టిందే విల్ఫ్. ఇన్నేళ్ళలో అతని కార్డు ఒక్కటి తప్పు పోయిందా?"

"అందుకే అడుగుతున్నా! ఆవిడకు అసలు జవాబు తెలుసు. తెలిసీ తప్పు చెప్పిందంటే కార్డు ముందే చూసిందన్నమాట. మొగుడు చెప్పే పోయాడు!"

పబ్బంతా మేవిస్‌నే చూస్తోంది. ఆ చూపుల్లో అనుమానం పాలల్లో ఉప్పుకల్లులా పడింది. మేవిస్ లేచింది.

"చెప్పాడయ్యా, హోరేస్. ఇప్పుడే చెప్పాడు. ఆ రెండూ మాకు రాయొద్దు బెరిల్, వాళ్ళకే రాయి."

"మేవిస్!" అన్నాడు డెరెక్.

"నలుగురు కావాలన్నావు, కూర్చున్నాను. మన పేరు నిలిచింది కదా. ఆ పాయింట్లు నాకెందుకురా, నాకు రావలసింది ముప్పై నాలుగేళ్ళకు వచ్చింది."

హోరేస్ పెన్సిలు పట్టుకున్నాడు కానీ రాయలేదు. "మాకూ వద్దులే," అన్నాడు చివరికి. మిగిలిన ప్రశ్నలు అయ్యాయి. షటిల్ ఒక్క పాయింటుతో ఓడింది. డెరెక్ వారం రోజులు ముఖం మాడ్చుకున్నాడు. బెరిల్ ఆ కార్డును మేవిస్ చేతిలో పెట్టింది. దాని మీద వేరే మాటేమీ లేదు. ప్రశ్న, కింద తప్పు జవాబు, దాని కింద గట్టిగా ఒత్తి గీసిన గీత. సోంపు వాసన. తప్పు ఒప్పుకోవడం రాని మనిషి, తెలిసి తెలిసి ఒక్క తప్పు రాసి పోయాడు.

ఆనాటి నుంచి మూడో కుర్చీ మేవిస్‌దే. తిమింగలం అని ఇప్పటికీ పిలుస్తారు. ఇప్పుడు ఆమె పలుకుతుంది.

కుర్చీ మాత్రం ఇప్పుడు అన్ని కుర్చీల్లాగే చల్లగా ఉంటుంది. పిల్లి దాని కిందే పడుకుంటుంది. జవాబు చెప్పేముందు ప్రతిసారీ మేవిస్ ఒక్క క్షణం ఆగుతుంది, తల కాస్త పక్కకు వంచి. ఏమీ వినిపించదు. క్రిస్మస్ ముందు వారం, సాలీడుకు ఎన్ని కాళ్ళని అడిగారు. ఆమె నోరు తెరిచి, చాలాసేపు ఆగి, ఆరు అంది.

"అదేంటి మేవిస్, అదీ తెలీదా?" అన్నాడు డెరెక్.

"తెలుసు నాయనా," అంది మేవిస్, ఇంకా వెనక్కి చెవి పెట్టి. "తెలుసు."