ముందు నాది, వెనక నీది

ఫ్రిజ్ తలుపు అంచున ఉండే రబ్బరు మడతలో నల్లగా పేరుకున్న మురికిని సోడమ్మ పాత పళ్ళ బ్రష్షుతో గీకుతోంది. బ్రష్షును వెనిగర్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో ముంచడం, మడత విప్పి పట్టుకోవడం, రెండు వేళ్ళ మేర రుద్దడం, గుడ్డతో అద్దడం. మళ్ళీ రెండు వేళ్ళ మేర. తొందరపడితే రబ్బరు చిరుగుతుంది. మోకాళ్ళ కింద మడత పెట్టిన గోనెసంచి ఉంది. పక్కన రెండు డబ్బాల్లో వంటసోడా, ఉప్పు, ఒక గిన్నెలో నిమ్మచెక్కలు ఉన్నాయి. ఆమె సరంజామా అంతా అంతే.

వాడేసిన వంటింటి సామాన్లు కొని, బాగుచేసి అమ్మే దుకాణం అది. ముందు గదిలో అమ్మకం, వెనక రేకుల షెడ్డులో పని. షెడ్డులో పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరే ఉన్నారు, ఒకరు మెకానిక్కు, ఇంకొకరు ఆమె. ఏ రోగానికైనా వంటసోడానే మందు అంటుందని సోడమ్మ అన్న పేరు అతనే పెట్టాడు. ఆమె అతన్ని అన్నయ్యా అంటుంది.

సోడాలో వెనిగర్ పోసి, బుసబుసా పొంగే నురగ చూసి మురిసిపోయేవాళ్ళంటే ఆమెకు నవ్వు. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, మిగిలేది ఉప్పునీళ్ళే. సోడా వాసన లాగుతుంది, జిడ్డు వదిలిస్తుంది. వెనిగర్ నీళ్ళ గారను కరిగిస్తుంది. తుప్పు మరక మీద ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దాలి. ఓవెన్‌లో అయితే నిమ్మరసం పిండిన నీళ్ళ గిన్నె పెట్టి పావుగంట వేడి చేస్తే చాలు, మాడిన జిడ్డు ఆవిరికి నాని గుడ్డకు వచ్చేస్తుంది. అంతా అయ్యాక తలుపు మూసి, కాసేపాగి, తెరిచి, కళ్ళు మూసుకుని లోపల వాసన చూస్తుంది. ఏ వాసనా రాకపోతే పని అయినట్టు.

చేరిన మొదటి వారంలోనే ఇద్దరికీ గొడవైంది. అతను విప్పి పెట్టిన మోటారు మీద ఆమె నీళ్ళు చిందించింది. అతను అరిచాడు, ఆమె అంతకు రెండింతలు అరిచింది. ఆ రోజే ఒప్పందం కుదిరింది. ముందు భాగమూ లోపలా ఆమెది, వెనక భాగం అతనిది. వెనక రేకు విప్పి, వైర్లు చూసి, సరిచేసి, పైన కుడి మూల సుద్దముక్కతో టిక్కు పెడతాడు. టిక్కు పడ్డాకే ఆమె నీళ్ళు ముట్టుకుంటుంది. చివర్లో చెయ్యి వెనక్కి చాచి, గుడ్డతో ఆ మూల ఒక్కసారి తుడిచేస్తుంది. అటు తొంగిచూడటం ఆమెకు అలవాటు లేదు. ఒకరి పొయ్యి మీద ఇంకొకరు గరిటె పెట్టకూడదంటుంది.

ఫ్రిజ్ తలుపు పూర్తవుతుండగా ముందు గదిలోంచి ఓనరు పిలిచాడు. వెళ్ళేసరికి ఆమె చెల్లెలు నిలబడి ఉంది, కుడి అరచేతికి మణికట్టు దాకా కట్టుతో. మరిది చేతుల్లో చిన్న ఓవెన్. ఎనిమిది నెలల క్రితం ఇదే దుకాణంలో సోడమ్మే దగ్గరుండి కొనిపించింది. చెల్లెలు ఆ ఓవెన్‌లో బన్నులు కాల్చి చుట్టుపక్కల ఇళ్ళకు ఇచ్చేది.

నిన్న తలుపు పిడి పట్టుకోగానే షాకు కొట్టిందనీ, తూలి వేడి ఇనప జాలీ మీద చెయ్యి పడిందనీ, వేళ్ళు మడవడానికి రెండు నెలలు పడుతుందని డాక్టరు అన్నాడనీ మరిదే చెప్పాడు. ఓనరు మెకానిక్కును పిలిచాడు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేల చూస్తూ, తాను విప్పి చూశాననీ, టిక్కు పెట్టాకే సామాను బయటికి వెళ్ళిందనీ అన్నాడు.

చెల్లెలు అతన్ని పట్టించుకోలేదు. అక్క ముఖం చూసింది.

"అన్నయ్య చూశానంటే చూసినట్టే," అంది సోడమ్మ. "నువ్వే తడిచేత్తో ముట్టుకుని ఉంటావు. చిన్నప్పట్నుంచీ నీకు తొందరే."

చెల్లెలు కట్టు కట్టిన చేతిని గుండెలకు ఆనించుకుంది.

"అంతేలే అక్కా. అప్పుడు నువ్వు చెప్పావని కొన్నాను. ఇప్పుడూ నువ్వు చెప్పావని తప్పు నాదే అనుకుంటాలే."

వాళ్ళు ఓవెన్‌ను అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. ఓనరు ఓవెన్‌ను షెడ్డులోకి మోయించి, దాన్ని తళతళలాడేలా చేసి సాయంత్రానికి ముందు గదిలో పెట్టమని చెప్పి, భోజనానికి ఇంటికి వెళ్ళాడు. తానన్న మాట పొరపాటేమోనన్న అనుమానం సోడమ్మకు అప్పటికి లేదు. తన మాట కాదని వేరే వాళ్ళను వెనకేసుకొచ్చిందని చెల్లెలికి కోపం, నాలుగు రోజుల్లో పోతుంది, అంతే అనుకుంది.

మధ్యాహ్నం మెకానిక్కు రోజులాగే తన కళ్ళద్దాలు తీసి ఆమె స్టూలు మీద పెట్టి, టిఫిన్ డబ్బాతో మూలకు వెళ్ళాడు. ఏడాదిన్నరగా అదొక అలవాటు. అద్దాలు మసకేస్తున్నాయంటాడు. ఆమె వెనిగర్ నీళ్ళతో కడిగి, మెత్తటి బనీను గుడ్డతో తుడిచి ఇస్తుంది. జిడ్డు చేతుల మనిషి, మసకేయక ఏం చేస్తాయి అనుకునేది.

ముందు ఓవెన్ సంగతి చూద్దామని లోపల నిమ్మనీళ్ళ గిన్నె పెట్టింది. ప్లగ్గు పట్టుకున్న చెయ్యి గోడ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆగలేదు. చెల్లెలి కట్టు కళ్ళ ముందు కదిలింది. తిరిగొచ్చిన సామాను కదా, మళ్ళీ టిక్కు పడిందో లేదోనని చెయ్యి వెనక్కి చాచి తడిమింది. వేళ్ళకు సుద్ద అంటింది.

ఎప్పుడు విప్పాడు? వాళ్ళు వెళ్ళినప్పటి నుంచీ స్క్రూడ్రైవర్ గోడకున్న మేకుకే వేలాడుతోంది. సోడమ్మ గిన్నె బయటికి తీసి, ఓవెన్‌ను రెండు చేతులా పట్టుకుని, మొదటిసారి వెనక్కి తిప్పి చూసింది.

నాలుగు స్క్రూల మీదా జిడ్డు గోధుమరంగులో గట్టిపడి, దాని మీద దుమ్మూ నూలుపోగులూ అతుక్కుని ఉన్నాయి. స్క్రూ తల మీద గాడి ఉందో లేదో కూడా తెలియడం లేదు. గోరుతో గీకింది. ఏడాదిలోపు జిడ్డు అయితే గోరుకు జిగురులా సాగుతుంది. ఇది పెచ్చులుగా రాలింది. మూడేళ్ళకు తక్కువ ఉండదు. జిడ్డు వయసు చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఓవెన్ ఈ షెడ్డుకు వచ్చి నిండా ఏడాది కాలేదు. అంటే ఇక్కడ దీన్ని ఎవరూ విప్పలేదు, అప్పుడూ ఇప్పుడూ.

ఆమె లేచి ముందు గదిలోకి వెళ్ళింది. అమ్మకానికి పదకొండు సామాన్లు వరసగా మెరుస్తున్నాయి, అన్నీ ఆమె తోమినవే. ఒక్కొక్కదాని వెనక్కీ వెళ్ళి వంగి చూసింది. నాలుగింటిని విప్పిన గుర్తులున్నాయి. ఏడింటి మీద పాత ఇళ్ళ జిడ్డు అలాగే ఉంది. పైన పటారం, లోన లొటారం అని ఊరంతా ఎవరెవరినో అంటారు. ఆ పటారం తన చేతులదేనని తెలిసి ఆమెకు ఒళ్ళంతా మండిపోయింది.

షెడ్డులోకి తిరిగొచ్చి, మేకు మీది స్క్రూడ్రైవర్ తీసి, అన్నం తింటున్న మెకానిక్కు ముందు పెట్టింది. ఓవెన్ వైపు చూపించింది.

"విప్పు అన్నయ్యా."

అతను చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఆమె ఒక స్క్రూ మీది జిడ్డంతా గీకి, గాడి తెల్లగా కనపడేలా చేసింది. అతను స్క్రూడ్రైవర్ ఆనించాడు. మొన పక్కకు జారి రేకు మీద గీత పడింది. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ జారింది. మూడోసారి ఎడమచేతి వేలితో గాడిని తడుముకుంటూ ఆనించబోయాడు.

"అద్దాలు పెట్టుకో."

"పెట్టుకున్నా అంతే," అన్నాడతను.

తర్వాత చెప్పాడు. ఏడాదిన్నరగా సన్నవి కనపడటం లేదు. పెద్ద ఫ్రిజ్‌లయితే చేతి అలవాటుతో లాగిస్తున్నాడు, చిన్న సామాను విప్పడం మానేశాడు. ఓనరుకు తెలిస్తే ఆ పూటే పొమ్మంటాడని భయం. ఈ వయసులో ఇంకెక్కడికి పోతాడు.

"నువ్వు తోమితే కొత్తదానిలా ఉంటుంది సోడమ్మా. ఇక దాని వెనక ఎవరు చూస్తారులే అనుకున్నా. నిన్ను మోసం చేద్దామని మాత్రం కాదు."

సోడమ్మకు ఏడుపు రాలేదు. పొద్దున తన నోటితో చెల్లెలిని అన్న మాట చెవుల్లో తిరుగుతోంది. తోడబుట్టినదాన్ని కాదని ఈ మనిషిని వెనకేసుకొచ్చింది. కట్టు కట్టిన ఆ చేతిని ఒక్కసారి పట్టుకుని కూడా చూడలేదు.

"నాకొక్క మాట చెప్తే వెనక కూడా నేనే చూసేదాన్ని కదా అన్నయ్యా," అంది. "నువ్వు నేర్పితే స్క్రూలు విప్పడం నాకు రాదా? పంతొమ్మిదేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. మసక అద్దాలదని నా చేత రోజూ తుడిపించావు."

అతని మీద జాలి కలుగుతుందేమోనని ఆమె భయపడింది. కలిగింది కూడా. అయినా కోపం తగ్గలేదు.

అతని బల్ల మీది సుద్దముక్క తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. విప్పని ఏడు సామాన్ల తలుపుల మీద, తాను అద్దంలా తోమిన చోటే, పెద్ద పెద్ద అక్షరాలతో "వెనక చూసి కొనండి" అని రాసింది. రాత అలవాటు తప్పి అక్షరాలు పైకీ కిందికీ పోయాయి. ఏడోది పూర్తయ్యేసరికి సుద్ద అయిపోయింది. ఓనరు వచ్చి చెరిపేస్తాడని ఆమెకు తెలుసు. అందుకే చెల్లెలి ఓవెన్‌ను మాత్రం వదిలిపెట్టలేదు. గోనెసంచి పరిచి, దాన్ని అందులో పెట్టి, మూతి ముడేసింది.

చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, సంచిని చంకనెత్తుకుంది. విప్పని స్క్రూలు చెల్లెలికి చూపించాలి, తప్పు నీది కాదని చెప్పాలి. తలుపు తీస్తుందో లేదో తెలియదు. తీయకపోతే మెట్ల మీద కూర్చుంటుంది.

"రేపొస్తావా?" అని మెకానిక్కు వెనకనుంచి అడిగాడు.

ఆమె గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళిపోయింది. షెడ్డులో ఫ్రిజ్ తలుపు సగం తెరిచి ఉంది. స్టూలు మీద, మడత విప్పని బనీను గుడ్డ పక్కన, అతను పెట్టినచోటే కళ్ళద్దాలున్నాయి, రెండు అద్దాల మీదా జిడ్డు వేలిముద్రలతో.