అరవై నాలుగు బైట్ల గదిలో మంగతాయారు

నేను ఒక బఫర్‌ని. అంటే, సి భాషలో రాసిన ప్రోగ్రాములో అక్షరాలు దాచుకునే గదిని. నా గురించి మీరు విని ఉండకపోవచ్చు గానీ మా అన్నయ్య ఘనకార్యాలు ఎప్పుడో ఒకప్పుడు మిమ్మల్ని తాకే ఉంటాయి. ఆయన పేరు స్ట్రింగ్‌కాపీ. ఒకచోటి మాటను తెచ్చి ఇంకోచోట పొయ్యడం ఆయన ఉద్యోగం. గిన్నె ఎంతదో చూడడు. మాట అయిపోయిందని గుర్తుగా చివరుండే సున్నా కనబడేదాకా పోస్తూనే ఉంటాడు. పొంగి గట్టంతా పారితే, “పొయ్యమన్నారు, పోశాను” అంటాడు. ఇలాంటివారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు కనుక ఇంతకంటే వివరించను.

నేను పుట్టింది అమలాపురంలో, కస్తూరి, హేమంత్ అనే అక్కాతమ్ముళ్ల దుకాణంలో. కల్యాణమండపాల గుమ్మం మీద వధూవరుల పేర్లు వెలిగే బోర్డులు చేసిస్తారు వాళ్లు. వధువు పేరు కోసం హేమంత్ నన్ను అరవై నాలుగు బైట్లతో కట్టాడు. నా పక్కనే వరుడికీ అంతే గది. మధ్యలో గోడ లేదు. సి భాషలో గోడలుండవు, మర్యాదలే ఉంటాయి.

“కొలిచి పొయ్యరా. పేరు పట్టకపోతేనో?” అంది కస్తూరి.

“అరవై నాలుగు అక్షరాల పేరు ఎవరికుంటుందక్కా? నీదంతా చాదస్తం” అని, తన పేరు ఇంగ్లీషులో కొట్టి చూసుకున్నాడు. అది పట్టగా ఇంకో మంచం వేసుకునేంత చోటు మిగిలింది. పరీక్ష అయిపోయింది.

తర్వాత మండపం యజమాని పేర్లు తెలుగులో కావాలన్నాడు. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటులో సర్దుకుంటుంది. తెలుగు అక్షరానికి మూడు కావాలి, దాని గుడికో మూడు, వత్తుకో ఆరు. మనవాళ్లు ఎక్కడికెళ్లినా సామానుతోనే వెళతారు కదా! ఆ సంగతి హేమంత్‌కి తెలుసు. తెలిసీ నన్ను పెంచలేదు. అప్పట్నుంచి ప్రతి ముహూర్తానికీ నాకో కొత్త యజమానురాలు. లావణ్య వచ్చింది, హారిక వచ్చింది, హాయిగా ఉండి వెళ్లారు.

తర్వాత ఒక పెళ్లి వచ్చింది. వరుడు సుధీర్. వధువు వీర వెంకట సత్య దుర్గ మంగతాయారు.

ముందు సుధీర్ వచ్చి పక్కగదిలో కూర్చున్నాడు. తర్వాత అన్నయ్య వధువు పేరు నాలో పొయ్యడం మొదలుపెట్టాడు. ‘మంగ’ దగ్గరికి నేను అంచుదాకా నిండిపోయాను. ఆయన ఆగలేదు. మిగతాది సుధీర్ నెత్తిన పోశాడు. బోర్డు మీద వధువు పేరు నిండుగానే వెలిగింది. వరుడి పేరున్న చోట మాత్రం ‘తాయారు’ అని ఉంది.

పెళ్లికూతురి తండ్రి సూరిబాబు పరుగెత్తుకొచ్చాడు. “ఇదేంటండీ బాబూ! మగపెళ్లోరు బస్సు దిగేశారు. పెళ్లికొడుకుని ఆడపిల్లని చేసేశారేంటండీ!”

“కరెంటు హెచ్చుతగ్గులండీ” అన్నాడు, గుమ్మం పక్కన అక్కతో కలిసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న హేమంత్. పాపం, కరెంటుకి నోరు లేదు.

అన్నయ్యని తప్పించి చిన్నన్నయ్య ఎన్‌కాపీని పిలిచాడు. ఈయనకి కొలత తెలుసు. సరిగ్గా అరవై నాలుగు బైట్లు పోసి ఆగాడు. కానీ చివర సున్నా పెట్టడానికి చోటు మిగల్చలేదు. తలుపు వెయ్యకుండా వెళ్లిపోయే రకం. నన్ను చదవడానికొచ్చినవాడు ఎక్కడ ఆగాలో తెలియక పక్కగదిలోకి నడిచిపోయాడు. బోర్డు మీద ‘వీర వెంకట సత్య దుర్గ మంగసుధీర్’ అని వెలిగింది.

“తాళి కట్టకుండానే కలిపేశారా!” అని సూరిబాబు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

“పేరు మరీ పెద్దదండీ. కొంచెం తగ్గిద్దాం” అన్నాడు హేమంత్.

“సత్యదేవుడికి మొక్కితే పుట్టిందండి, దుర్గమ్మకి మొక్కితే బతికిందండి. ఎవర్ని తీసెయ్యమంటారు?” అన్నాడాయన. ఇంతలో సన్నాయి మలుపు దాకా వచ్చేసింది. ఆయన గొంతు దిగిపోయింది. “పోనీ, మంగ అని పెట్టేయండి.”

పెళ్లికూతురు పట్టుచీర కుచ్చెళ్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. “నాన్నా, బళ్లో దరఖాస్తు గళ్లు చాల్లేదని కోసేశారు. బస్సు పాసులో కోసేశారు. ఇవాళ ఒక్కరోజు నా పేరు నిండుగా చూసుకుందామనుకున్నాను. ఇక్కడా కోసేస్తారా?”

కస్తూరి ల్యాప్‌టాప్ తన ఒళ్లోకి లాక్కుంది.

ఆవిడ పిలిచింది మా చెల్లిని. పేరు ఎస్‌ఎన్‌ప్రింటెఫ్, పలకడం కష్టమే గానీ పిల్ల బుద్ధిమంతురాలు. చివరి సున్నాకి ముందే చోటు ఉంచుకుని పోస్తుంది. అంతా పట్టకపోతే, మొత్తానికి ఎంత చోటు కావాలో లెక్క చెబుతుంది. ఎనభై రెండు, సున్నాతో ఎనభై మూడు అంది. ఆ లెక్క అడిగే ఓపిక మాత్రం మనిషికుండాలి. చెల్లి కూడా ఇరుకుగదిలో పోస్తే చివరి అక్షరాన్ని సగానికి తెంపేస్తుంది.

కస్తూరి అడిగింది. నన్నూ, పక్కగదినీ నాలుగింతలు పెంచింది. ఆపైన కూడా పట్టని పేరొస్తే కొయ్యకుండా, పట్టలేదని ముందే చెప్పే మాట ఒకటి రాసింది. మళ్లీ పోశారు. నాకు ఒళ్లు విరుచుకునేంత చోటుంది. ఆ అమ్మాయి మొత్తంగా నాలో కూర్చుంది, సుధీర్ తన గదిలో తానున్నాడు.

పెళ్లికూతురు తలెత్తి బోర్డు చదివింది. పెదవులు కదుపుతూ, ఒక్కో దేవుణ్ణీ తాకుతూ చివరిదాకా చదివింది.

హేమంత్ అక్క పక్కకి జరిగి ఏదో గొణిగాడు. సన్నాయి, డోలు గుమ్మంలోకి వచ్చేశాయి. కస్తూరి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఏంట్రా? వినబళ్లేదు.”

విందని నాకు తెలుసు.

“పేరు పెద్దది కాదక్కా!” అని అరిచాడు హేమంత్. సరిగ్గా అప్పుడే బాజాలు ఆగాయి. మగపెళ్లివారందరూ ఇటు తిరిగారు. మొదలుపెట్టిన వాక్యం కదా, పూర్తి చేశాడు. “కొలవకుండా పోశాను. తప్పు నాదే.”