మిషను చదవని వేళ్లు

హాజరు మిషను మళ్ళీ ఎర్రగా వెలిగింది. ఇది తొమ్మిదోసారి. ఇద్రిస్ బొటనవేలు చొక్కాకు తుడుచుకున్నాడు, నోటి ఆవిరి పట్టాడు, మళ్ళీ అద్దం మీద ఆనించాడు. ఎరుపే. వెనక వరసలో ఎవడో "జరుగు భాయ్, క్లాసున్నది" అని భుజంతో నెట్టాడు. ఆ ఆరడుగుల మనిషి పక్కకు తప్పుకుని, వరస చివరికి పోయి నిలబడ్డాడు.

ప్రేమలత ఇదంతా ఆఫీసు కిటికీలోంచి చూసింది. చూసి ఆమెకు కడుపు మండింది. మండి ఏం లాభం? పటాన్‌చెరు దాటాక హైవే పక్కన అద్దాల గోడలతో లేచిన ఆ ప్రైవేటు యూనివర్సిటీలో ఆమె కాంట్రాక్టు గుమస్తా. గుమ్మడిదల నుంచి ఆటో, బస్సు మారి వస్తుంది. జీతం పదహారు వేలు. మొగుడు కుమార్ పనిచేసే కంపెనీ మూతపడి నాలుగు నెలలైంది కాబట్టి ఇంట్లో పొయ్యి వెలిగేది అతని జీతం మీద కాదు, ఆ పదహారు వేల మీదే. కడుపుమంట అలాంటివాళ్లకు చెల్లదు.

ఇద్రిస్‌ది సూడాన్. ఇక్కడ ఫార్మసీ మూడో ఏడు. నగరంలోని హోర్డింగుల మీద 'పద్దెనిమిది దేశాల విద్యార్థులు' అని రాసి, పళ్లు కనిపించేలా నవ్వుతున్న కుర్రాళ్ల బొమ్మలు వేయించారే, వాళ్లలో మూడోవాడు ఇతనే. బొమ్మ వేసేనాటికి వాళ్ల నాన్నకు బట్టల దుకాణం ఉండేది. తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది, దుకాణం కాలిపోయింది, ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. హోర్డింగు మీద మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

అతను ఈ దేశంలో ఉండడానికి ఆధారం ఒక్కటే, చదువుకుంటున్నాడన్న అనుమతి కాగితం. ఏటా దాన్ని పొడిగించుకోవాలి. హాజరు డెబ్బై అయిదు శాతానికి తగ్గలేదని యూనివర్సిటీ వీసా ఆఫీసుకు పట్టీ పంపాలి. ఎక్కడా కూలికి పోకూడదు. ఈ ఏటి గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు. ఇవాళే శుక్రవారం. పట్టీ వెళ్లకపోతే మూడేళ్ల చదువు మట్టిలో కలిసినట్టే, దేశం విడిచి పొమ్మంటారు. ఎక్కడికి పొమ్మంటారు, కాలిపోయిన ఇంటికా?

మిషను లెక్కలో అతని హాజరు అరవై ఒకటి. ప్రేమలత లెక్కలో ఎనభై మూడు. వేలిముద్ర పడనివాళ్ల పేరు, వచ్చిన సమయం చేతిరాతతో రిజిస్టర్లో ఎక్కించి, పిల్లల చేత సంతకం పెట్టించడం ఆమె పని. దాని కింద పొడి సంతకం చేయడం పరిపాలనాధికారి శివరామకృష్ణ పని. గోరింటాకు పెట్టుకున్న పిల్లలకూ, వేలు తెగిన పిల్లలకూ ఆయన సంతకం చేసేవాడు. ఆరు వారాలుగా ఇద్రిస్ వరసలను మాత్రం ఖాళీగా వదిలేస్తున్నాడు.

ఇద్రిస్ వేళ్లకు ఏమైందో ప్రేమలతకు ఎవరూ చెప్పనక్కరలేదు. అవి అచ్చం తన తల్లి ముత్యమ్మ వేళ్లు. ముత్యమ్మ పద్దెనిమిదేళ్లు మందుల కంపెనీల డ్రమ్ములు కడిగింది. ఆ రసాయనాలకు అరిగి ఆమె చేతులు నున్నగా, గీత లేకుండా, సబ్బుబిళ్లలా ఉంటాయి. పింఛను మిషను ఆమెను మూడు నెలలు గుర్తుపట్టలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని పెట్టుకుని "వేలు పడితేనే ఉన్నట్టు" అన్నారు.

ఇంకో సంగతి ఉంది. అది తలుచుకుంటే ప్రేమలతకు తన మొహం తానే చూసుకోబుద్ధి కాదు. కిందటి వానాకాలం ఇద్రిస్ ఆఫీసు మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాడు. రెండు రోజులుగా తిండి లేదు. ఆమె తన డబ్బాలో సగం పెట్టింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆకలితో ఉన్న మనిషికి ఈ ప్రాంతంలో జనం చేసే సాయం ఒకటుంది, లేబర్ కాంట్రాక్టరు ఫోన్ నంబర్ ఇవ్వడం. తాతల నుంచి కూలి చేసినవాళ్లకు అంతకంటే పెద్ద సాయం తట్టదు. ఆమెకూ తట్టలేదు. మేనమామ కొడుకు మల్లేష్ నంబర్ ఇచ్చింది. కూలికి పోకూడదన్న షరతుల కాగితాన్ని ప్రతి విదేశీ పిల్లవాడికీ చదివి వినిపించి సంతకం తీసుకునేది తనే! ఆదివారం ఒక్కరోజే కదా అనుకుంది.

మల్లేష్‌కు బొంతపల్లి దగ్గర గోదాం ఉంది. మందుల కంపెనీల ఖాళీ డ్రమ్ములు కడిగించి తిరిగి అమ్ముతాడు. ఊరివాళ్లకు రోజుకు ఆరువందలు, ఒడిశా వాళ్లకు అయిదువందలు, ఇద్రిస్‌కు మూడువందలు. చేతులకు తొడుగులు అడిగితే డ్రమ్ము జారుతుందన్నాడు. ఆఖరి రెండు నెలలు ఆ మూడువందలూ ఎగ్గొట్టాడు. ఇద్రిస్ పని మానేసి, పోయి అడిగాడు. పోలీసులకు చెప్పుకొమ్మనీ, ముందు నీ వీసా సంగతే చూస్తారనీ మల్లేష్ నవ్వాడట. ఇద్రిస్ రెండోసారి పోయి అడిగిన వారమే శివరామకృష్ణ సంతకం ఆగిపోయింది. మల్లేష్‌కూ ఆయనకూ అమీన్‌పూర్ ప్లాట్లలో పొత్తు ఉందని ఆఫీసులో చీపురు పట్టే మనిషికి కూడా తెలుసు.

మూడున్నరకు శివరామకృష్ణ ప్రేమలతను పిలిచాడు. టేబుల్ మీద పాత రిజిస్టరు, పక్కన అట్ట కూడా తెరవని కొత్త రిజిస్టరు ఉన్నాయి. పాతది చినిగిపోయేలా ఉందనీ, కొత్తదానిలోకి ఎక్కించమనీ నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మదే ఆమెకు నచ్చలేదు.

"సూడాన్ పిల్లగాని వరసలు మాత్రం ఎక్కియ్యకు. కింద నీ సంతకం పెట్టు. అరవై ఒకటి అని పట్టీ పంపుదాం."

"ఆ పిల్లగాడు రోజూ వచ్చిండు సార్. నేను కండ్లతోని చూసి రాసిన."

"నువ్వు చూస్తే ఏంది? మిషన్ చూసిందా?"

"మా అమ్మను గుడ మిషన్ చూడలే సార్. గట్లని మా అమ్మ లేకుంట పోయిందా?"

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కాంట్రాక్టు పొడిగింపు జాబితా తన దగ్గరే ఉందన్నాడు. ఇద్దరిని తీసేయమని పైనుంచి చెప్పారట. కుమార్‌కు పని దొరికిందా అని ఎంతో మర్యాదగా అడిగాడు. వచ్చే నెల ఇంటి కిరాయి కళ్ల ముందు కదిలింది. చేయి కొత్త రిజిస్టరు మీదికి పోయింది కూడా. అట్ట తెరిచింది. తెల్ల కాగితం మీద తన బొటనవేలు కనిపించింది, నిండా గీతలతో.

అట్ట మూసేసింది.

"నాతోని కాదు సార్."

శివరామకృష్ణ మొహంలో మర్యాద ఊడిపోయింది. "సరే. రోజూ వచ్చిండంటవ్. మరి వేలెందుకు పడతలేదో నేను రాయాల్సి వస్తది. దొంగతనంగ డ్రమ్ములు కడిగిండని రాస్త. వీసా ఇయ్యాల్నే పోతది. వాణ్ణి కాపాడుతున్ననని అనుకుంటున్నవ్, నువ్వే ముంచుతున్నవ్."

నిజమే, ముంచేది తనే కావచ్చు. ఎటు తిరిగినా ఆ పిల్లవాడి మెడకే ఉరి. రాయకపోతే హాజరు లేదంటారు, రాస్తే కూలికి పోయాడంటారు. పనికి పెట్టుకున్నవాడు మాత్రం ఏ కాగితంలోనూ ఉండడు! ఏడాదిగా లోపల కుళ్లుతున్న సిగ్గు ఒక్కసారిగా కోపమై పైకి వచ్చింది.

"రాయండి సార్. ఏ గోదాంల కడిగిండో గది గుడ రాయండి. మూడువందలకు పెట్టుకున్నదెవరో, రెండు నెలల కూలి మింగిందెవరో రాయండి. నంబర్ ఇచ్చింది ప్రేమలత అని గుడ రాయండి, నేనే సంతకం పెడ్త. సగం రాస్తే మాత్రం మిగతా సగం నేను చెప్తా."

ఆయన పెన్ను తీయలేదు. ఫోన్ తీశాడు. బయటికి పొమ్మని చేత్తో సైగ చేశాడు.

ఆమె పాత రిజిస్టరు చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. తన సీట్లో కూర్చుని ఎనభై మూడు శాతం అని పట్టీ రాసి, కింద పూర్తి పేరుతో సంతకం చేసి, తీసుకెళ్లి ఆయన టేబుల్ మీద కొత్త రిజిస్టరు పైన పెట్టింది. ఆయన ఫోనులో ఉన్నాడు, తలెత్తలేదు. ఆ పట్టీ కంప్యూటర్లో ఎక్కాలంటే ఆయన పాస్‌వర్డే కావాలి. ఇక ఆమె చేతుల్లో ఏమీ లేదు.

వరండాలో బల్ల మీద ఇద్రిస్ కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మధ్య దాచుకున్నాడు. మూడేళ్లుగా నేర్చుకున్న తెలుగులో అడిగాడు. "అక్కా, అయిందా?"

"కాలే." ఆమె పక్కన కూర్చుంది. అబద్ధం ఆడాలనిపించింది, ఆడలేదు. "నువ్వు డ్రమ్ములు కడిగిన సంగతి ఆయన రాస్తనన్నడు. రాస్తే మల్లేష్ పేరు గుడ రాయమన్న. పంపుతడో లేదో తెల్వదు. నిన్ను అడగకుంట చెప్పిన తమ్మీ. తప్పయితే తప్పే."

ఇద్రిస్ తల తిప్పి చూశాడు. అద్దం తలుపు అవతల శివరామకృష్ణ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ప్రేమలత ఫోను మోగింది. తెర మీద మల్లేష్ బావ అని పేరు. ఇద్రిస్ కూడా ఆ పేరు చూశాడు. ఇద్దరూ చూస్తుండగానే మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

గోడ గడియారంలో నాలుగూ నలభై. పొద్దున మిషను పదిసార్లు కాదన్న మనిషిని ఇవాళ తను కూడా రిజిస్టర్లో ఎక్కించలేదని ప్రేమలతకు అప్పుడు గుర్తొచ్చింది. రిజిస్టరు ఒళ్లో తెరిచి తేదీ వేసింది. ఇద్రిస్ అని రాసింది, వచ్చిన సమయం తొమ్మిదీ పది అని రాసింది. పెన్ను అతని వైపు చాపింది.

"సంతకం పెట్టు."

అతను మోకాళ్ల మధ్య నుంచి చేయి తీశాడు. నున్నటి వేళ్లలో పెన్ను జారింది. వంగి తీసుకుని, గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరం నొక్కి రాయడం మొదలుపెట్టాడు.