వంగినవాడి కోటు

నేను దర్జీని. నా మెడలో టేపు యాభై ఏళ్లుగా ఉంది. ఒకసారి దాంతోనే ఈతకు దిగితే మొసలి ఒకటి ఎదురొచ్చి, ప్యాంటు కుట్టమని నడుం చూపించింది. మావాడు నమ్మడు. మనవరాలు నమ్మినట్టు తలూపుతుంది.

అది పదో తరగతి. వాళ్ల బడిలో ఈ ఏడు, ఎదుటివాళ్లతో ఎలా మాట్లాడాలో, ఎలా వినాలో నేర్పే క్లాసు పెట్టారు.

"మాట్లాడ్డానికి కూడా మాస్టారా? మా పంతులు మా నోళ్లు మూయించడానికే నాలుగు బెత్తాలు అరగదీశాడు" అని ఏడిపించాను.

"నేనూ టైంపాస్ అనుకున్నా తాతయ్యా. ఒకరు చెబుతుంటే రెండోవాళ్లు ఐదు నిమిషాలు నోరెత్తకూడదు. తర్వాత విన్నది తిరిగి చెప్పాలి. లెక్కలే నయం."

"ఐదు నిమిషాలా? నాకైతే ప్రాణం పోతుంది."

"నీకోసమే పెట్టారేమో."

ఆ నెల నా కొలతల మీద రెండు ఫిర్యాదులొచ్చాయి. "నీకు చూపు ఆనడం లేదు నాన్నా. మూడోది వస్తే టేపు నాకిచ్చెయ్" అన్నాడు మావాడు. నవ్వేశాను గానీ, ఆ మాట గుండుసూదిలా లోపలే ఉండిపోయింది.

శనివారం పొద్దున్నే, మా దగ్గర కోటు కుట్టించుకున్న బస్సు డ్రైవరు ఒకతను అది తొడుక్కుని వచ్చాడు. ముందు బొడ్డు దాకా, వెనక మోకాళ్ల దాకా ఉంది. వెనక నుంచి మంత్రిగారు, ముందు నుంచి ఈకలు రాని కోడిపిల్ల.

"రేపు ఇదేసుకుని స్టేజీ ఎక్కితే నన్ను చూడ్డానికి టికెట్ పెట్టుకోవచ్చు" అన్నాడు.

మావాడు టేపు కోసం నా వైపు చెయ్యి చాపాడు. తప్పు అద్దానిదని నేను అనబోయాను. ఈలోగా మనవరాలు గుండీలు కుట్టడం ఆపి స్టూలు లాగింది.

"కూర్చోండి అంకుల్. మొత్తం చెప్పండి."

అతను చెప్పినంతసేపూ అది నోరెత్తలేదు, మమ్మల్నీ ఎత్తనివ్వలేదు. చివర్లో అంది: "రేపు మీ రిటైర్మెంటు సభ. ఇది మీ మొదటి కోటు. నలుగురూ నవ్వుతారని మీ బాధ. అంతేనా?"

"అంతేనమ్మా." అతని గొంతు దిగింది.

"కొలతలప్పుడు ఎలా నిలబడ్డారు?"

"నిలబడనిచ్చాడా మీ తాత? మొసలి ప్యాంటు కథ చెప్పాడు. కడుపు పట్టుకుని వంగిపోయాను."

"ఒక్కసారి అలాగే వంగండి."

వంగాడు. కోటు అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

మావాడు నా కళ్ల వైపు చూసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాలుక చివర దాకా ఒక జోకు వచ్చింది. మనవరాలు నన్నే చూస్తోంది. జోకు మింగేసి, "తప్పు నాదే బాబూ" అన్నాను. యాభై ఏళ్లలో అదే మొదటిసారి.

మిగిలిన గుడ్డతో ముందు భాగాలు కొత్తగా కత్తిరించి, వెనక కురచ చేసి, సాయంత్రానికి ఇచ్చేశాం. కొలతలయ్యే దాకా కథలు చెప్పకూడదని మావాడు షరతు పెట్టాడు. టేపు మాత్రం నా మెడలోనే ఉంది.

"ఆ వినే క్లాసు మాస్టారిని రమ్మను. నా చేత్తో ఓ చొక్కా కుట్టిపెడతాను" అన్నాను మనవరాలితో.

"ఆయనకి నవ్వెక్కువ తాతయ్యా."

"ఆయన కోసం కథ చెప్పకుండా ఐదు నిమిషాలు ప్రాణం ఉగ్గబట్టుకుంటాలే."