డెబ్భై తొమ్మిది దగ్గర ఆగిన ముల్లు

నేను ఒక బరువు చూసే మిషన్ని. బ్యాటరీలూ మెరిసే అంకెలూ లేని పాతకాలపు దాన్ని. చదరంగా ఇనుప రేకు ఒళ్ళు, పైన నల్ల రబ్బరు పట్టా, ముందువైపు గాజు కింద గుండ్రటి ముఖం, అందులో ఒక ఎర్ర ముల్లు. నా మీద ఎక్కి ఊపిరి బిగబట్టినవాళ్ళనూ, ఒంటికాలి మీద నిలబడి చూసినవాళ్ళనూ, తలలో క్లిప్పు కూడా తీసి పక్కన పెట్టినవాళ్ళనూ చూశాను. అంకె నచ్చితే గొప్ప వాళ్ళది, నచ్చకపోతే తప్పు నాది. దిగి, నన్ను గోడ వారకు జరిపి, మళ్ళీ ఎక్కుతారు. గోడ వారన భూమికి లాగే బలం తక్కువని ఎవరు చెప్పారో మరి.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. బిగించిన మనిషి నా మీద రెండు పది కిలోల గుండ్లు పెట్టి, ముల్లు సరిగ్గా ఇరవై మీద ఆగేదాకా పక్కనున్న మరను అటూ ఇటూ తిప్పాడు. ఆగాక, "ఇది అబద్ధం చెప్పదు" అన్నాడు పక్కవాడితో. ఆ మాట నా మనసులో పడిపోయింది.

అంత మంచి దీవెనతో పుట్టిన నేను మొదట చేసిన కొలువు మాత్రం అబద్ధాల కొలువే. విజయవాడలో ఒక సన్నబడే కేంద్రం నన్ను కొన్నది. దాని యజమానురాలు, ఎవరైనా కొత్తగా చేరిన రోజున నా మరను కాస్త ముందుకు తిప్పేది. నెల తిరిగాక కాస్త వెనక్కి తిప్పేది. వచ్చినవాళ్ళు మూడు కిలోలు తగ్గామని మురిసిపోయి, వెళ్తూ వెళ్తూ ఎదురుగా ఉన్న మిఠాయి కొట్లో పావుకిలో పూతరేకులు కట్టించుకునేవాళ్ళు. అందరూ సంతోషంగానే ఉండేవాళ్ళు, నేను తప్ప. ఆ కేంద్రం మూతపడ్డాక పాత సామాన్ల కొట్లో ఒక ఏడాది దుమ్ము తిన్నాను. అక్కడి నుంచి హైమావతి నన్ను ఏలూరు తీసుకెళ్ళింది. ఇంటికి వెళ్ళగానే రెండు కొత్త బియ్యం బస్తాలు నా మీద పెట్టించి, మరను సరిచేయించి, "ఇంక దీన్నెవరూ ముట్టుకోకండి" అంది. ఆ రోజు నుంచి నేను చూపించినదంతా నిజమే. నా బాధంతా ఆ నిజం గురించే.

హైమావతికి నలభై ఏడేళ్ళు. భర్త పోయాక కర్రీ పాయింటు పెట్టుకుంది. ఏ కూరలో ఎంత ఉప్పు పడాలో ఆమె చేతికి తెలుసు. ఇంట్లో ఆమె, తమ్ముడు చక్రధర్, ఇద్దరే. అతనికి ముప్పై తొమ్మిది. సెల్‌ఫోన్లు బాగుచేసుకునేవాడు. కిడ్నీలు రెండూ చెడిపోయి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే స్థితికి వచ్చాడు. అక్క తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ చేశారు, రక్తం కలిసింది, అన్నీ కలిశాయి.

డాక్టరు మాత్రం ఒక మాటన్నాడట. "అమ్మా, మీ బరువొక్కటే కుదరలేదు. ఎనభై ఎనిమిది కిలోల మీద నేను కత్తి పెట్టను. డెబ్భై అయిదుకు రండి, మర్నాడే పని మొదలుపెడదాం."

అందుకని నన్ను కొన్నది. అందుకనే తెల్లవారగానే కాలేజీ గ్రౌండుకు నడక మొదలుపెట్టింది. అక్కడ ఎలీశమ్మ టీచరు పరిచయమయ్యింది. రిటైరైన డ్రిల్లు టీచరు. మెడలో ఇప్పటికీ ఈల వేలాడుతూ ఉంటుంది. "బరువు రోజూ చూసుకోకమ్మా, పిచ్చెక్కిపోద్ది. వారానికోసారి, ఒకే రోజు, ఒకే టైము, ఒకే మిషను. మిషను మార్చావంటే లెక్క మారిపోద్ది" అని ఆవిడ గట్టిగా చెప్పింది. శుక్రవారం ఉదయం, పరగడుపున, అని నిర్ణయమైంది. మిగతా రోజుల్లో నేను మంచం కింద ఉండేదాన్ని.

శుక్రవారం వచ్చిందంటే ఇంట్లో చిన్న పండగ. హైమావతి గాజులు తీసేది, పుస్తెలు లేని మెళ్ళోని సన్న గొలుసు తీసేది, చీర పిన్నులు తీసేది, ఆఖరుకు కళ్ళజోడు కూడా తీసి గూట్లో పెట్టేది. "అదీ బరువే కదరా" అనేది. ఆ కళ్ళజోడు అద్దాలు సోడా సీసా అడుగంత మందం. అది తీసేస్తే ఎదురుగా ఉన్న గోడే ఆమెకు సరిగా ఆనదు, పాదాల దగ్గరున్న నా ముఖం ఏం ఆనుతుంది? చక్రధర్ నా ముందు గొంతుకూర్చుని అంకె చదివేవాడు. చదివి, క్యాలెండరులో ఆ శుక్రవారం గడిలో రాసేవాడు. "నువ్వు చదివితేనే నాకు కలిసొస్తుంది" అనేది అక్క.

ఎనభై ఎనిమిది. ఎనభై ఆరు. ఎనభై నాలుగు. వేసవిలో ఇల్లంతా ఉత్సాహంగా ఉండేది. ఎనభై రెండుకు వచ్చాక ఆగింది. అయిదు శుక్రవారాలు అక్కడే. గ్రౌండు చుట్టూ అయిదు చుట్లను ఎనిమిది చేసింది. రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలకు దిగింది. చెప్పులు అరిగాయి గానీ నా ముల్లు కదల్లేదు. అయిదో శుక్రవారం నన్ను కాలితో తోసింది. నాకు కోపం రాలేదు. నడిచే మనిషి బరువు ఎందుకు ఆగిందో నాకూ తెలియదు. నాకు ఎంత అనేది తెలుసు, ఎందుకు అనేది తెలియదు.

ఎలీశమ్మ టీచరు ఇంటికి వచ్చి వంటగదిలో ఒక పూట కూర్చుంది. హైమావతి పొయ్యి మీద పదకొండు కూరలు ఉడుకుతున్నాయి. ఉడుకుతున్న ప్రతి కూరా గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని నాకి చూడడం ఆమె పద్ధతి. ఉప్పు వేశాక ఒకసారి, కారం వేశాక ఒకసారి, దించేముందు మరోసారి.

"నేనేం తిన్నానండీ, పొద్దుట్నుంచి మజ్జిగ తప్ప ఏం ముట్టుకోలేదు" అంది హైమావతి.

టీచరు ఒక ఖాళీ స్టీలు గిన్నె ముందుకు తోసి, "ఇవాళ చేతిలో ఎంత వేసుకున్నావో అంతే ఇందులోనూ వెయ్యి" అంది. మధ్యాహ్నానికి ఆ గిన్నె నిండి అంచు దాటింది. గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, కోడిగుడ్ల పులుసు, అన్నిటి మీదా వేలు మందాన నూనె తేలుతోంది. హైమావతి ఆ గిన్నె వంక చాలాసేపు చూసింది. ఇరవై ఏళ్ళుగా తను తినకుండా తిన్నదంతా అందులో కనిపించింది కాబోలు.

రుచి చూసే ఉద్యోగం ఆ మర్నాటి నుంచి పక్కన పూలమ్మే మహాలక్ష్మమ్మకు వెళ్ళింది. ఆవిడ ఆ ఉద్యోగం ఎంత శ్రద్ధగా చేసిందంటే దసరా నాటికి ఆవిడ జాకెట్లన్నీ బిగుతైపోయాయి. టీచరు ఇంకో మాట కూడా చెప్పింది. "రోజూ అదే నడక నడిస్తే ఒళ్ళు అలవాటు పడిపోద్దమ్మా. ఓ రోజు మెట్లెక్కు, ఓ రోజు నీళ్ళ సీసాలు చేత్తో ఎత్తు. పప్పూ గుడ్డూ మాత్రం మానకు." అలాగే చేసింది. నా ముల్లు కదిలింది. ఎనభై ఒకటి, ఎనభై, డెబ్భై తొమ్మిది. ఆ వారం హైమావతి దిగి, వంగి, నా ముఖం మీది గాజును చీరకొంగుతో తుడిచింది. నా బతుకులో నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

ఆ మధ్యాహ్నమే చక్రధర్ నన్ను మంచం కింద నుంచి లాగి నా మీద కూర్చున్నాడు. యాభై ఒకటి. అక్క కర్రీ పాయింటు దగ్గర ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. నాతోనే మాట్లాడాడు.

"అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. అక్కే దాని కంచంలోది తీసి నా కంచంలో వేసి పెంచింది. ఇప్పుడు దాని ఒంట్లోది కూడా తీసుకోవాలా? వద్దంటే వినదు. నువ్వైనా కొంచెం ఆగరాదూ?"

నేను ఆగలేదు. ఆగడం నా చేతిలో లేదు. పై శుక్రవారం నా ముల్లు డెబ్భై ఎనిమిది చూపించింది. చక్రధర్ చూశాడు.

"డెబ్భై తొమ్మిదే అక్కా."

ఆ తర్వాతి శుక్రవారం డెబ్భై ఏడు. అతను డెబ్భై తొమ్మిదే చదివాడు. సన్నబడే కేంద్రంలో అబద్ధం నా ముఖం మీద ఉండేది, చదివేవాళ్ళ నోట నిజం ఉండేది. ఇక్కడ తిరగబడింది. చెయ్యి అడ్డుపెట్టి ఆపడానికి నాకు చెయ్యి లేదు. ముల్లు వణికించగలను, అంతే. వణికించాను కూడా. అక్కకు కనిపించలేదు, తమ్ముడు చూడనట్టు తల తిప్పుకున్నాడు.

వినాయక చవితి వెళ్ళిన శుక్రవారం నా ముల్లు డెబ్భై అయిదు మీద నిలబడింది. ఆమె దేనికోసం అన్ని చుట్లు తిరిగిందో ఆ అంకె. చక్రధర్ చాలాసేపు చూశాడు. "ఏరా, ఎంత?" అంది అక్క, కళ్ళు మూసుకునే. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో అతనికి వినపడలేదా? వినపడే ఉంటుంది. అయినా డెబ్భై తొమ్మిదే అన్నాడు, అదే రాశాడు. అతన్ని నేను తిట్టుకోలేను. ప్రేమ లేక చేసిన పని కాదు. కానీ ఆ ఉదయం తలుచుకుంటే నా స్ప్రింగులన్నీ బిగుసుకుపోతాయి.

పాపం ఆమె, తప్పు తన తిండిదే అనుకుంది. గుడ్డు మానేసింది. పప్పు మానేసింది. సాయంత్రం కూడా నడక పెట్టుకుంది. జాకెట్ల కుట్లు రెండుసార్లు లోపలికి వేయించుకుంది. "ఒళ్ళు ఇంత తగ్గింది, బరువెందుకు తగ్గలేదమ్మా? మందుల కొట్లో మిషను మీద ఓసారి చూసుకో" అని టీచరు అడిగితే, "మిషను మారిస్తే లెక్క మారిపోద్దని మీరే కదండీ చెప్పారు. మా తమ్ముడే చూస్తున్నాడు" అందట. తమ్ముడు ఎక్కడ ఆపుతున్నాడో, అక్క ఏం మానేస్తోందో ఒకరిది ఒకరికి తెలియకుండా ఆ ఇంట్లో ఇద్దరూ చిక్కిపోయారు. ఆమె నన్ను ఎక్కినప్పుడు కాళ్ళు వణికేవి. ఆ వణుకు ముందుగా నాకే తెలిసింది.

అతను అలా తప్పు చదివిన తొమ్మిదో శుక్రవారం మర్నాడు ఆమె గ్రౌండులో ఏడో చుట్టులో పడిపోయింది. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచి పంపారు. ఇంటికి రాగానే, చీర కూడా మార్చుకోకుండా, నన్ను మంచం కింద నుంచి లాగింది. గాజులు తీయలేదు. కళ్ళజోడు తీయలేదు. ఎక్కి, వంగి, తనే చూసింది. అరవై తొమ్మిది. ఆసుపత్రిలో నర్సు చెప్పిన అంకె కూడా అదేనట. క్యాలెండరు వంక చూసింది. తర్వాత తమ్ముడి వంక చూసింది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"తొమ్మిది శుక్రవారాలు."

"డెబ్భై అయిదు ఎప్పుడొచ్చింది?"

"చవితి వెళ్ళాక." అతను తల దించుకున్నాడు. "నీకేమన్నా అయితే నేనెలా బతకనక్కా?"

"నీకేమన్నా అయితే నేనెలా బతుకుతానని ఎప్పుడన్నా అడిగావట్రా నన్ను?"

ఆమె నా మీద నుంచి దిగి గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి అతను వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఏడ్చారు.

ఆమె ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని, ఆరు నెలలు సరిగ్గా తిని కోలుకుంటే గానీ కిడ్నీ మాట ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. "ఈసారి ఉన్నదే చదువుతానక్కా" అన్నాడు చక్రధర్. చదివాడు కూడా. అరవై తొమ్మిదిన్నర, డెబ్భై, డెబ్భైన్నర. బరువు పెరుగుతుంటే ఆ ఇంట్లో సంతోషించడం అదే మొదటిసారి. గుడ్డు తిన్నావా అని తమ్ముడు అక్కను అడిగేవాడు. నేను చూసిన శుక్రవారాల్లో మంచివి అవే. ఎనిమిది వచ్చాయి, అంతే. ధనుర్మాసం మొదలైన వారంలో డయాలసిస్ సూది పెట్టే చోట చీము పట్టి, జ్వరం వచ్చి, ఆసుపత్రికి వెళ్ళిన చక్రధర్ తిరిగి రాలేదు. క్యాలెండరులో ఆ తర్వాతి గడులన్నీ ఖాళీగా ఉండిపోయాయి.

ఉగాదికి ఇల్లు దులిపినప్పుడు హైమావతి నన్ను పాతసామాన్ల వాడికి వేయలేదు. రిక్షాలో పెట్టించి కాలేజీ గ్రౌండు గేటు పక్కనున్న రేకుల పాకకు తీసుకొచ్చి ఎలీశమ్మ టీచరుకు అప్పగించింది. ఇప్పుడు నా ఉద్యోగం అక్కడే. అంచులు తుప్పు పట్టాయి, గాజు ఒక మూల బీటవారింది, ముల్లు మాత్రం సరిగ్గానే ఉంది. నడకకు వచ్చేవాళ్ళలో చూపు ఆననివాళ్ళు చాలామంది. వాళ్ళకు హైమావతే చదివి పెడుతుంది. కళ్ళజోడు సర్దుకుని, నా ముందు కూర్చుని, రెండుసార్లు చూసి మరీ చెబుతుంది. మొన్న ఒక పెద్దాయన, "పోన్లే అమ్మా, ఓ కిలో తగ్గించి చెబుదూ, మా ఆవిడ వింటోంది" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఉన్నదే చెప్పింది.

పోయిన శుక్రవారం అందరూ వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే పాకలోకి వచ్చింది. గాజులు తీసింది. గొలుసు తీసింది. కళ్ళజోడు తీసి కిటికీ గూట్లో పెట్టి, నా మీద ఎక్కి కళ్ళు మూసుకుంది.

"ఏరా, ఎంత?" అంది.

నేను డెబ్భై నాలుగు చూపించాను. ఆమె చాలాసేపు అలాగే నిలబడింది.