దివాణం వేసిన గది

పొద్దున్నే లేచి దుప్పటి మడిచి, వ్యాను వెనక తలుపులు తెరిచి, కూర్మనాథం రోడ్డు పక్కనే కిరసనాయిలు స్టవ్వు వెలిగించుకునేవాడు. ఒక్క గ్లాసు టీ. తాగి, గ్లాసు కడిగి, తడి తువ్వాలు కిటికీకి ఆరేసి బండి కదిపేవాడు. విజయనగరంలో ఆస్పత్రి వ్యాను నడిపి రిటైరయ్యాడాయన. ఆ వ్యానునే వేలంలో కొని, లోపల మంచం వేయించుకున్నాడు. పిల్లలు లేరు. భార్య జగదీశ్వరి పోయాక అద్దె ఇంట్లో నిద్ర పట్టక ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. దారిలో ఏ కొండో, ఏ గోపురమో కనిపిస్తే చెప్పాలని మాట నోటిదాకా వచ్చేది. పక్క సీటు వైపు తిరిగి, మళ్లీ రోడ్డు వైపు చూసేవాడు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది వానాకాలంలో, ఆమదాలవలస దాటి సింగుపేట దివాణం చూడ్డానికి వెళ్లాడు. జమీలు రద్దయ్యాక దొరలు మద్రాసు వెళ్లిపోయారు. తాళాలు దివాణంలో పనిచేసే తవిటమ్మకి ఇచ్చారు. మొగుడు పోయిన మనిషి, ఆ వసారాలోనే వండుకు తినేది.

దర్బారు హాలు తిప్పి చూపించింది. రాణిగారి పల్లకిలో కోడి పొదుగుతోంది. "దీంతోనే నా మాటా మంతీ," అంది తవిటమ్మ.

ఇంతలో వాన కురిసి, దారికి అడ్డంగా పారే గెడ్డ పొంగింది. బండి దాటే దారి లేదు.

"ఇంకేటి ఎల్తావు బాబూ. ఈపాటికి గది ఏసుంటాది, రా సూద్దాం."

వచ్చిన మనిషికి తగ్గ గది వేసుకోవడం ఆ ఇంటికి అలవాటు. ఆ మనిషి వెళ్లిపోతూ గేటు దాటగానే గది మూసుకునేది. గోడ మీద కాస్త చెమ్మ మిగిలేది. కలెక్టరు వస్తే పంకాతో సహా వేసింది. గంగిరెద్దులాయన వస్తే ఎద్దుకి కూడా చోటుండేలా వేసింది.

వసారా చివర కొత్త సున్నం వాసన. తవిటమ్మ తలుపు తోసి నిలబడిపోయింది.

"ఇదేటి, ఇంత ఇరుగ్గా ఏసినాది!"

లోపల తలకి తగిలే కప్పు, ఇరుకు మంచం, చిన్న కిటికీ. అచ్చం వ్యాను లోపల ఉన్నట్టే ఉంది. కూర్మనాథం మొహం చిన్నబోయింది. ఇల్లు తనని ఇంతేనని కొలిచింది. లోపలికి వెళ్లి పడుకున్నాడు.

కాసేపటికి తవిటమ్మ గంజి తెచ్చింది. ఆయన మంచం అంచున, పడిపోయేలా ఒదిగి ఉన్నాడు.

"ఆ పక్క ఎవురికి ఒగ్గీసినావు బాబూ?"

కూర్మనాథం లేచి కూర్చున్నాడు. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"జగదీశ్వరికి," అన్నాడు.

తవిటమ్మ గడప మీద కూర్చుంది. ఆయన చెప్పాడు. భార్యకి చేపల పులుసంటే ఎంత ఇష్టమో, కోపమొస్తే గిన్నెలు ఎలా తోమేదో చెప్పాడు. ఊరందరినీ ఆస్పత్రికి చేర్చిన తను, ఆమె పోయిన రోజు డ్యూటీలో కొత్తవలస వెళ్లి ఉండడం, ఆమెని పక్కింటివాళ్లు రిక్షాలో తీసుకెళ్లడం కూడా చెప్పాడు. అక్కడ ఆగాడు. తవిటమ్మ గంజి గిన్నె ఆయన దగ్గరికి జరిపింది. రెండు గుక్కలు తాగి ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. మాటల మధ్య గోడ వెనక్కి జరిగింది. తవిటమ్మ కాళ్లు చాపుకుంది.

గెడ్డ తగ్గాక సెలవు తీసుకుని వ్యాను ఎక్కాడు. గేటు దాటి చింతచెట్ల దాకా వెళ్లాడో లేదో, వెనక నుంచి కేక.

"ఆగు బాబూ! గది మూసుకోనేదు!"

దిగి వచ్చి చూశాడు. గది అలాగే ఉంది. పెరటి వైపు కొత్తగా తలుపొకటి తెరుచుకుంది, దాని పక్కన పొయ్యి వెలిసింది. ఇద్దరూ దాన్ని చాలాసేపు చూశారు. ఆయన బిగించిన గుప్పిట్లో బండి తాళం వేడెక్కింది.

తవిటమ్మే ముందు తేరుకుంది. కొంగు దోపి, పొయ్యిలో చితుకులు పేర్చింది.

"ఏటి వండమంటావన్నా?"

"ఏదైనా పర్వాలేదమ్మా."

"ఏదైనా అనే కూర నాకు రాదు. సెప్పు."

కూర్మనాథం ఆలోచించాడు. తనకేం ఇష్టమో గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది.

"ఆనపకాయ పులుసు," అన్నాడు.