లైను వంగిన చోటు

రెండువేల ఏడు వేసవిలో, భూమి అడుగున గ్యాస్ వెతకడానికి కంపెనీ మనుషులు దిగినప్పుడు వరమ్మ టీచరు అభ్యంతరం పెట్టలేదు. సైన్సు చెప్పి రిటైరైన మనిషి. నేలలో బోరు వేసి, అందులో మందు పేల్చి, ఆ అదురు లోతు నుంచి ఎలా తిరిగివస్తుందో కొలుస్తారని ఊళ్ళో నలుగురికీ ఆమే వివరించింది. కాని బోరుకు గుర్తుగా ఎర్రజెండా కట్టిన కర్రను తన కూతురు క్రిస్టినా సమాధికి జానెడు దూరంలో పాతారని తెలిసిన ఉదయం, చేతిలోని కాఫీ అలాగే వదిలేసి, కైకలూరు రోడ్డు పక్కనున్న సమాధుల తోటకు నడిచింది.

బోరు మిషను అప్పటికే గేటు దాటి లోపలికి వచ్చింది. సర్వే ఇంజనీరు సూర్యప్రకాశరావు పక్కన ఆమె మరిది, చర్చి సంఘ పెద్ద యోసేపు నిలబడి ఉన్నాడు.

"ఎవరినడిగి పాతారండీ ఇది?"

"పెద్దగారు ఒప్పుకున్నారండి మేడమ్."

యోసేపు గొంతు సవరించుకున్నాడు. "ప్రహరీ గోడ కట్టిస్తామన్నారు వదినగారూ. గేదెలు దూరుతున్నాయని మీరే కదండీ గోల పెట్టేది?"

"గేదెలు గడ్డి తిని పోతాయి యోసేపూ. సమాధుల పక్కన మందు పేల్చవు."

"బోర్ల లైను తిన్నగా వెళ్ళాలండి," అన్నాడు ఇంజనీరు. "మా చేతుల్లో లేదండి."

వరమ్మ తలెత్తి చూసింది. కోసిన దాళ్వా వరి చేలల్లోంచి జెండాలు వరసగా వచ్చాయి. రోడ్డవతల దుర్గారాజు చేపల చెరువు గట్టు దాకా తిన్నగానే వచ్చాయి. అక్కడ వంగి, చెరువును చుట్టి, సమాధుల తోటలోకి దిగాయి.

"మరి చెరువు దగ్గర ఎందుకు వంగిందండీ?"

"అదురుకి చేపలు చస్తే నష్టపరిహారం కట్టాలండి. రాజుగారు ముందే చెప్పించారు. వరికి రేటుందండి, చేపకుంది, కొబ్బరిచెట్టుకుంది..."

"సమాధికి?"

"లేదండి."

ఆ జవాబులో వెటకారం లేదు. ఉంటే వరమ్మ భరించగలిగేది.

"మా అమ్మాయి పక్కన బోరు వెయ్యడానికి వీల్లేదు. వేస్తే ఇప్పుడే ఏలూరు వెళ్ళి కలెక్టరాఫీసులో కూర్చుంటాను. అక్కడ నా దగ్గర చదువుకున్నవాళ్ళున్నారు."

ఇంజనీరు జెండా పీకించాడు. కంచె వారగా, చుట్టూ పగిలిన ఇటుకలు పేర్చిన మట్టిదిబ్బ పక్కన పాతించాడు.

"ఇది ఎవరిదీ కాదు కదండీ."

అది వాళ్ళ సంఘంలోని రత్నం బిడ్డది. సిమెంటు సమాధి కట్టించే స్తోమత లేని రత్నం, ఆ వేళకు దుర్గారాజు చెరువులోనే చేపలకు మేత వేస్తోంది.

"మీ పని అయిపోయింది కదండీ వదినగారూ," అన్నాడు యోసేపు. "ఇంటికి పదండి."

దుర్గారాజు తన పలుకుబడితో సమాధుల తోటకు ఏం చేశాడో, తానూ తన పలుకుబడితో రత్నానికి అదే చేసిందని వరమ్మకు ఆ మాటతో తెలిసింది. రెండు చేతులా పట్టి ఆ కర్ర పీకి, గేటు వైపు నడిచింది.

"మేడమ్! అది కంపెనీదండి!"

"తెలుసండి. రాజుగారి గట్టు మీద పాతుతాను. మీ లైను తిన్నగా వస్తుంది."

రోడ్డు మధ్యలో ఇంజనీరు పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు. "అంత పని చెయ్యకండి, మా ఉద్యోగాలు పోతాయి. ఈ పాయింటు వదిలేస్తామండి!"

"వదిలెయ్యొచ్చా?"

"ఒకటీ అరా వదిలేస్తూనే ఉంటామండి. పెద్దగారు వద్దనుంటే నిన్ననే వదిలేసేవాళ్ళం."

మిషను వెనక్కి తిరిగింది. అది గేటు దాటేదాకా వరమ్మ కదల్లేదు. తర్వాత, వెనకే వచ్చిన యోసేపు వైపు తిరిగింది.

"ఒక్కసారైనా వద్దన్నావా?"

"పెద్ద కంపెనీ కదండీ... వద్దంటే ఊరుకుంటారా అని..."

"ఆదివారం ఆరాధనయ్యాక ఈ మాటే రత్నం ఎదుట, సంఘమంతా వినేలా చెప్పు. నీ తర్వాత నేను లేచి, నా సంగతి నేను చెబుతాను."

"మీ సంగతేంటండీ?"

వరమ్మ కర్ర అతని చేతిలో పెట్టి, రత్నం పనిచేస్తున్న చెరువు వైపు నడిచింది.